యాభై దాటిన మగవాళ్ల ఎముకలకు వ్యాయామం: ఏది ముందు, ఎంత బరువు, ఎక్కడ ఆగాలి

"పొద్దున్నే గంటసేపు నడుస్తున్నాను, ఎముకలకు అది చాలదా?" అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో నడిచేవాళ్లయినా, కర్నూలు అవుట్‌డోర్ స్టేడియంలో నడిచేవాళ్లయినా ఎక్కువగా అడిగేది ఇదే. గుండెకు, షుగరుకు, నిద్రకు నడక మంచిది. మానొద్దు. ఎముక గట్టిపడటానికి మాత్రం చాలదు. అందుకు బరువు మోయాలి, కొంచెం అదురు పడాలి, ఆ రెండూ నెలనెలా పెరుగుతూ పోవాలి.

ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బని చాలామంది అనుకుంటారు. అందుకే మగవాళ్లలో ఇది తుంటి విరిగాకే బయటపడుతోంది. యాభై దాటిన మగవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరికి మిగిలిన జీవితంలో ఇలా ఏదో ఒక ఎముక విరుగుతుందని అంచనా. తుంటి విరిగాక ఏడాదిలోపు చనిపోయేవాళ్ల శాతం కూడా ఆడవాళ్లకంటే మగవాళ్లలోనే ఎక్కువ. కింద చెప్పిన వరుస ముఖ్యం. మధ్యలోంచి మొదలుపెట్టకండి.

1. ఎముక దేనికి బలపడుతుంది

ఎముక లోపలి కణాలు తమ మీద పడే ఒత్తిడిని పసిగడతాయి. రోజూ పడేదానికంటే ఎక్కువ ఒత్తిడి పడితేనే కొత్త ఎముక వేయమని కబురు పెడతాయి. పదేళ్లుగా అలవాటైన నడకలో వాటికి కొత్తేమీ లేదు.

గుర్తుంచుకోవాల్సినవి నాలుగు:

- బరువు పడిన చోటే ఎముక బలపడుతుంది. కూర్చుని చేతులతో ఎత్తే డంబెల్ తుంటికి పనికిరాదు.
- నెమ్మదిగా పడే ఒత్తిడికంటే చటుక్కున పడే అదురుకు ఎముక బాగా స్పందిస్తుంది.
- కొన్ని పదులసార్లు అయ్యాక ఆ కణాలు స్పందించడం తగ్గిస్తాయి. 50 దూకుళ్లకు బదులు 500 దూకినా పదింతల లాభం రాదు. కొన్ని గంటల విరామం ఇస్తే మళ్లీ స్పందిస్తాయి.
- పాత ఎముక తొలగి కొత్తది గట్టిపడటానికి 4 నుంచి 6 నెలలు పడుతుంది. రెండు నెలలకే ఫలితం వెతకొద్దు.

"బతుకంతా సేద్యం చేసినాం, మాకు వ్యాయామం ఎందుకు?" అనే పెద్దవాళ్లు మన దగ్గర చాలామంది. చేసినన్నాళ్లు ఆ పని కాపాడింది, నిజమే. కానీ ఎముకకు దాచుకునే గుణం లేదు. మడక కొడుక్కి అప్పగించి అరుగు మీద కూర్చున్న రోజు నుంచి అది కరగడం మొదలవుతుంది. ఈతకు, సైకిలుకు కూడా ఎముక పెద్దగా స్పందించదు, ఒంటి బరువు కాళ్ల మీద పడదు కాబట్టి.

2. మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

కింది వాటిలో ఒక్కటి ఉన్నా ముందు డాక్టరును కలవండి:

- యాభై దాటాక చిన్నగా పడినందుకే ఎముక విరిగి ఉండటం
- వయసులో ఉన్నప్పటికంటే ఎత్తు 4 సెం.మీ. పైగా తగ్గడం, వీపు గూని పడటం
- ఉబ్బసానికో కీళ్లవాతానికో 3 నెలలకు మించి స్టెరాయిడ్ మాత్రలు వాడటం
- ప్రోస్టేట్ క్యాన్సరుకు హార్మోన్ తగ్గించే ఇంజక్షన్లు తీసుకోవడం
- రోజూ మద్యం తాగడం, బీడీ లేదా సిగరెట్ అలవాటు
- బీపీ 160/100 దాటి ఉండటం, నడిస్తే ఛాతీ బరువెక్కడం

మోకాళ్ల నొప్పులకని ఊళ్లో ఇచ్చే పేరులేని పొడులు, మాత్రల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. వేసుకోగానే నొప్పి మాయమై, కొన్నాళ్లకు ముఖం ఉబ్బుతుంటే అనుమానించండి. ఏళ్లతరబడి వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

డెక్సా స్కాన్ ఎముక సాంద్రతను కొలుస్తుంది. 70 దాటిన ప్రతి మగవాడూ, పై కారణాలుంటే 50 నుంచే చేయించుకోవడం మంచిది. అందులో వచ్చే టీ-స్కోర్ (వయసులో ఉన్న ఆరోగ్యవంతుల ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) -1 లేదా ఆ పైన ఉంటే మామూలు. -1కి, -2.5కి మధ్య ఉంటే తగ్గుదల. -2.5 లేదా అంతకంటే కింద ఉంటే ఎముకలు గుల్లబారినట్టు. క్యాంపుల్లో మడమకు పెట్టి చూసే మిషన్ ఫలితంతో మందులు మొదలుపెట్టొద్దు.

మన ప్రాంతంవాళ్లు ఇక్కడ ఇంకో సంగతి చూసుకోవాలి. అనంతపురం వైపు చాలా ఊళ్లలో, కడప, కర్నూలు వైపు కొన్నిచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీటిలో లీటరుకు 1 మి.గ్రా. దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా 1.5 వరకే. ఏళ్లతరబడి అలాంటి నీళ్లు తాగినవాళ్ల ఎముక స్కాన్‌లో దట్టంగానే కనబడుతుంది, కానీ పెళుసుగా ఉంటుంది. "టీ-స్కోర్ బాగుంది" అని ధీమా పడొద్దు. మెడ తిప్పలేకపోతున్నా, నడుం బిర్రబిగుసుకుపోయినా ఎక్స్-రే తీయించుకున్నాకే బరువులు, దూకుళ్లు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.

షుగరు ఉన్నవాళ్లకూ ఇదే మాట. వాళ్లలో సాంద్రత మామూలుగా ఉన్నా ఎముక విరిగే ముప్పు ఎక్కువే.

ఇంట్లోనే చేసుకునే రెండు పరీక్షలు:

1. కుర్చీ పరీక్ష. 17 అంగుళాల ఎత్తున్న చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60–64 ఏళ్లలో 14, 65–74లో 12, 75–79లో 11 కంటే తక్కువైతే కాళ్లలో సత్తువ తగ్గినట్టే.
2. ఒంటికాలి పరీక్ష. గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడండి. 10 సెకన్లు నిలవలేకపోతే 7వ భాగం మీకు అన్నిటికంటే ముందు.

3. సామాను

జిమ్ అవసరం లేదు. కావాల్సింది కచ్చితంగా తెలిసిన బరువు, అంతే.

- గట్టి జిప్పున్న స్కూలు బ్యాగు ఒకటి, కిలో ఉప్పు పాకెట్లు 10. త్రాసు లేకుండానే కిలో కిలో చొప్పున పెంచుకోవచ్చు. చెమ్మ తగలకుండా ఒక్కో పాకెట్‌ను కవర్లో కట్టండి.
- పిడి ఉన్న 5 లీటర్ల క్యాన్లు రెండు. నిండా నీళ్లు పోస్తే ఒక్కొక్కటి 5 కిలోలు, ఎండిన ఇసుక నింపితే దాదాపు 8.
- చక్రాలు లేని గట్టి కుర్చీ.
- 15 నుంచి 20 సెం.మీ. ఎత్తున్న మెట్టు. మిద్దె మెట్లలో మొదటిది సరిపోతుంది.
- చీపురు కర్ర, సాగే రబ్బరు పట్టీ.
- మడమ జారని బూట్లు. హవాయి చెప్పులతో ఏదీ చేయొద్దు.

20 లీటర్ల మంచినీళ్ల క్యాన్‌తో మొదలుపెట్టొద్దు. పట్టు సరిగా చిక్కదు, లోపల నీళ్లు కదిలి నడుం లాగేస్తుంది.

4. వారం ఎలా పంచుకోవాలి

- సోమ, గురు: బరువులు, 35–40 నిమిషాలు
- మంగళ, శుక్ర, ఆదివారం: అదురు వ్యాయామం (9వ వారం నుంచే), 5–8 నిమిషాలు
- బుధ, శని: మామూలు నడక
- రోజూ: నిలకడ, 5 నిమిషాలు

మార్చి నుంచి జూన్ దాకా ఉదయం 7 లోపే ముగించండి. లేదంటే ఇంట్లో ఫ్యాను కింద చేయండి. నిద్ర లేచిన అరగంట దాకా నడుం వంచి బరువెత్తొద్దు. ఆ వేళ వెన్నుపూసల మధ్య మెత్తలు ఉబ్బి ఉంటాయి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో చేయకండి, జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి.

5. మొదటి 4 వారాలు: బరువు లేకుండా

ఈ నెల ఒంటికి వరుస నేర్పడానికి. ఒక్కోటి 10 సార్లు, 2 విడతలు. విడతకు విడతకు మధ్య ఒకటిన్నర నిమిషం.

తుంటి దగ్గర మడవడం. అన్నిటిలోకీ ఇదే ముఖ్యం, తప్పులూ ఎక్కువ దీంట్లోనే. చీపురు కర్రను వీపు వెనక నిలువుగా పట్టుకోండి. అది మూడు చోట్ల తగలాలి: తల వెనక, భుజం రెక్కల మధ్య, ముడ్డిపూస దగ్గర. మోకాళ్లు కొద్దిగా సడలించి, వెనకున్న తలుపును పిర్రలతో నెడుతున్నట్టు తుంటిని వెనక్కి జరపండి. ఛాతీ దానంతట అదే ముందుకు వాలుతుంది. మూడింట్లో ఏ ఒక్కచోట కర్ర విడిపోయినా అక్కడే ఆగి వెనక్కి రండి. తల దగ్గర విడిపోతే కిందికి చూస్తున్నారని, ముడ్డిపూస దగ్గర విడిపోతే నడుం గుండ్రమైందని అర్థం. నిలువు నుంచి పావు వంతే వంగగలిగినా ఫరవాలేదు. కర్ర మూడుచోట్లా తగిలి ఉన్నంత మేరే మీ హద్దు.

కుర్చీ నుంచి లేవడం. 3 లెక్కపెడుతూ కూర్చోండి, ఒకే ఊపులో లేవండి. మోకాళ్లు లోపలికి వాలకూడదు, కాలి రెండో వేలి మీదుగా పోవాలి.

మెట్టెక్కడం. పాదం మొత్తం మెట్టు మీద పెట్టాలి. కింద కాలితో తన్నుకుని లేవకుండా పైకాలితోనే లేవండి. ఒక్కో కాలికి 10.

గోడ మీద దండీలు. గోడకు చెయ్యి చాచినంత దూరంలో నిలబడి చేయండి. మణికట్టుకు బరువు తగిలేది దీంట్లోనే. సులువైపోతే అరుగు అంచు మీదికి మారండి.

పట్టీ లాగడం. పట్టీని కిటికీ ఊచకు కట్టి, మోచేతులు పక్కటెముకలకు రాసుకుంటూ వెనక్కి లాగండి.

బోర్లా పడుకుని ఛాతీ ఎత్తడం. పొట్ట కింద దిండు, చేతులు ఒంటి పక్కన. గడ్డం లోపలికి పెట్టి ఛాతీని 2–3 అంగుళాలే ఎత్తి 5 సెకన్లు ఆపండి. గూని పడకుండా ఆపే వీపు కండరాలకు పని పడేది ఇక్కడే. చాలామంది వదిలేసేదీ ఇదే.

6. 5వ వారం నుంచి: బరువు పెంచడం

కుర్చీ, మెట్టు వ్యాయామాలకు బ్యాగును వీపుకు తగిలించుకోండి. తుంటి మడతకు క్యాన్లను రెండు చేతులతో, కాళ్లకు ఆనించి పట్టుకోండి. 3 విడతలు, మధ్యలో 2 నిమిషాలు. వీటితోపాటు రెండు క్యాన్లు రెండు చేతుల్లో పట్టుకుని 20 మీటర్లు నిటారుగా నడవండి, 3 సార్లు.

ఎంత బరువు? 10 సార్లు చేశాక ఇంకో రెండే చేయగలనని అనిపించాలి. ఇంకో ఐదు చేయగలిగితే ఎముకకు అది తెలియదు. ఒక్కటి కూడా చేయలేకపోతే బరువు ఎక్కువైంది.

పెంచే పద్ధతి:

1. వరుసగా రెండు రోజులు అన్ని విడతల్లో 10 పూర్తయితే కిలో పెంచండి.
2. 12వ వారం దాటాక లెక్క 6–8కి దించి బరువు పెంచుకుంటూ వెళ్లండి.
3. లేచేటప్పుడు గాలి వదలండి, దిగేటప్పుడు పీల్చండి. ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.
4. ప్రతి 8వ వారం బరువు సగానికి తగ్గించి విశ్రాంతి ఇవ్వండి.

బ్యాగు చాలని స్థాయికి వచ్చాక మంచి శిక్షకుడున్న జిమ్‌కు వెళ్లడమే మేలు. ఆస్ట్రేలియాలో ఎముక సాంద్రత తక్కువున్న నడివయసు, పెద్దవయసు మగవాళ్లతో వారానికి 2 సార్లు చొప్పున 8 నెలలు భారీ బరువులు ఎత్తిస్తే వెన్నెముక సాంద్రత పెరిగింది. ప్రతిసారీ పక్కన శిక్షకుడు ఉండి చేయించిన ఫలితం అది. ఒంటరిగా ఆ స్థాయికి పోవద్దు.

7. నిలకడ: పడకుండా ఉండటం

తుంటి విరగడంలో ఎముక పాత్ర సగమే. మిగతా సగం పడటం.

సింకు పట్టుకుని మొదలుపెట్టండి. ఒక పాదం వేళ్లకు ఇంకో పాదం మడమ ఆనించి 30 సెకన్లు. తర్వాత ఒంటికాలి మీద 30 సెకన్లు. సులువైతే పట్టును రెండు చేతులనుంచి రెండు వేళ్లకు, ఒక వేలికి తగ్గించండి. ఆ తర్వాత తల అటూ ఇటూ తిప్పుతూ చేయండి. కళ్లు మూసుకుని చేయాలంటే పక్కన మనిషి ఉండాలి.

ఇంట్లో ఎక్కువగా పడేది స్నానాల గదిలో. మన ఇళ్లలో పరిచేది కడప బండలో, బేతంచెర్ల నాపరాళ్లో. పాలిష్ చేసిన బండ మీద సబ్బు నీళ్లు పడితే పాదానికి పట్టే ఉండదు. నీళ్లు నిలిచే పల్లపు మూలలో సన్నటి పాచి పడుతుంది, తడిలో కంటికి ఆనదు. వేలితో రుద్దితే జిగురుగా తగులుతుంది. వారానికోసారి బ్లీచింగ్ పొడితో తోమించండి. కాలు పెట్టే చోట రబ్బరు చాప వేయండి. గోడకు పట్టుకునే స్టీలు కమ్మీ బిగించండి, ప్లాస్టిక్‌ది బరువు ఆపదు. రాత్రి మూత్రానికి లేచే దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి.

8. 9వ వారం నుంచి: అదురు

కాళ్లలో సత్తువ, నిలకడ వచ్చాకే ఇది. ఒంటికాలి మీద 10 సెకన్లు నిలవలేనివాళ్లు, వెన్నుపూస ఎప్పుడైనా విరిగినవాళ్లు, షుగరు వల్ల పాదాలు తిమ్మిరెక్కినవాళ్లు దూకకూడదు. టీ-స్కోర్ -2.5 కింద ఉన్నవాళ్లు డాక్టరు సరేనంటేనే కింది వరుసలో రెండోది దాటాలి.

1. మడమ దించడం. కుర్చీ వెనకభాగం పట్టుకుని మునివేళ్ల మీద లేచి, మడమలను టక్కున నేలకు దించండి. 10తో మొదలుపెట్టి 4 వారాల్లో 40కి.
2. కాలు తాటించడం. కవాతులో లాగా ఒక్కో కాలు ఎత్తి గట్టిగా వేయండి. ఒక్కో కాలికి 20.
3. రెండు కాళ్లతో చిన్న దూకుళ్లు. 2–3 అంగుళాల ఎత్తు చాలు. మోకాళ్లు వంచి దిగండి. 10, అర నిమిషం విరామం, మళ్లీ 10.
4. ఒంటికాలి గెంతులు. గోడ పక్కనే. ముందుకు, వెనక్కి, పక్కకు. ఒక్కో కాలికి 5తో మొదలుపెట్టి చాలా నెలల్లో 50కి.

ఇంగ్లాండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో 65–80 ఏళ్ల మగవాళ్లతో ఏడాదిపాటు రోజుకు 50 గెంతులు ఒక కాలితోనే వేయించారు. గెంతిన వైపు తొడ ఎముక మెడ దగ్గర సాంద్రత, గెంతని వైపుకంటే మెరుగైంది. ఒకే మనిషి, ఒకే తిండి, రెండు కాళ్లకు రెండు ఫలితాలు.

నేల చదునైన మట్టి అయితే మంచిది. తడి బండ మీద, మిద్దె మీద వద్దు. మోకాళ్లు అరిగినవాళ్లు మొదటి రెండింటి దగ్గరే ఉండి బరువులు పెంచుకోవచ్చు.

9. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసే దారి

ముందుకు వంగే ఆసనాలు, పొట్ట కోసం సిట్-అప్‌లు. గుల్లబారిన వెన్నుపూస ముందు అంచు మీద బరువు పడి అది నలిగిపోతుంది. సాంద్రత తగ్గినవాళ్లకు పశ్చిమోత్తానాసనం, హలాసనం, సర్వాంగాసనం వద్దు. సూర్య నమస్కారాల్లో పాదాలు తాకే భంగిమకు బదులు కర్రతో నేర్చుకున్న తుంటి మడత చేయండి. పొట్టకు మోచేతుల మీద ఆగే ప్లాంక్ మేలు.

ఏడాదంతా అదే బరువు. పుస్తకంలో తేదీ, కిలోలు, ఎన్నిసార్లు రాయండి. 6 వారాలుగా అంకె మారకపోతే ఎముకకు మీరు కొత్తగా ఏమీ చెప్పడం లేదు.

నొప్పి మాత్ర వేసుకుని చేయడం. కండరం నొప్పి రెండు రోజుల్లో పోతుంది. కీలు వాచినా, మరుసటి రోజుకు నొప్పి పెరిగినా బరువు మూడో వంతు తగ్గించండి, మెట్టు ఎత్తు తగ్గించండి.

పంట పనుల్లో మానేసి, మళ్లీ పాత బరువుతో మొదలుపెట్టడం. చెనిక్కాయ పీకే రోజుల్లో వ్యాయామం ఆగడం మామూలే. రెండు వారాలు ఆగితే 30 శాతం తక్కువతో, రెండు నెలలు ఆగితే 5వ భాగం నుంచి మొదలుపెట్టండి. పూర్తిగా మానేస్తే వచ్చిన లాభం మెల్లగా పోతుంది.

10. తిండి, ఎండ

కాల్షియం రోజుకు 1000 మి.గ్రా., 60 దాటితే 1200. 60 గ్రాముల రాగిపిండి పడిన సంగటి ముద్దలో దాదాపు 200, పావులీటరు పాలలో దాదాపు 300 ఉంటుంది. మునగాకు, పెరుగు, ఉలవలు కలిస్తే మాత్రలు లేకుండానే చాలావరకు అందుతుంది. సంగటితో గోంగూర తినడం తప్పు కాదు, కానీ ఆ కూరను కాల్షియం లెక్కలో వేయకండి.

మాంసకృత్తులు తగ్గడమే పెద్ద లోటు. కిలో ఒంటి బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 60–72 గ్రాములు. గుడ్డుకు 6, గుప్పెడు చెనిక్కాయ విత్తనాలకు దాదాపు 7. ఒక్క పూటే కాకుండా మూడు పూటలకూ పంచండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగాకే పెంచాలి.

విటమిన్ డి కోసం మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్న వేళ చేతులు, కాళ్లకు ఎండ తగలాలి. వేసవిలో కొద్ది నిమిషాలే. వారానికి ఒకటి వేసుకునే 60,000 యూనిట్ల గుళికలను పరీక్ష లేకుండా నెలలతరబడి మింగొద్దు. రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. డాక్టరు ఎముకలకు మందు రాస్తే, వ్యాయామం చేస్తున్నామని దాన్ని ఆపొద్దు.

11. కొలత, ఆపాల్సిన గుర్తులు

కుర్చీ పరీక్ష, ఒంటికాలి పరీక్ష నెలకోసారి. ఎత్తు 6 నెలలకోసారి, గోడకు ఆనుకుని, ఉదయం పూటే. డెక్సా ఒకటి రెండేళ్ల తర్వాత, అదే సెంటరులో, అదే మిషన్ మీద. మిషన్ మారితే అంకెలు పోల్చలేం. ఈ వయసులో సాంద్రత ఉన్నచోట నిలిచినా అది లాభమే.

వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సినవి:

- బరువెత్తేటప్పుడో, దగ్గినప్పుడో వీపులో ఒకేచోట చురుక్కుమని మొదలై తగ్గని నొప్పి
- గజ్జలో నొప్పి, కాలు మోపితే పెరగడం
- కాళ్లలో తిమ్మిరి, బలం తగ్గడం, మూత్రం మీద అదుపు తప్పడం
- ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, కళ్లు తిరగడం

గజ్జ నొప్పిని "నరం పట్టింది" అనుకుని తైలం రుద్ది నడుస్తూ ఉండకండి. తొడ ఎముక మెడలో సన్నటి పగులు ఉన్నా మనిషి కొన్నాళ్లు నడవగలడు. మొదటి ఎక్స్-రేలో అది కనబడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ అవసరమా అని ఎముకల డాక్టరును అడగండి, అప్పటిదాకా ఆ కాలి మీద బరువు వేయకండి.